నూట డెబ్బై నాలుగు నిమిషాలు

పేపరులో పదహారు వందల కిలోమీటర్లు అని వేశారు. అది తప్పు. సూరత్ నుంచి చెన్నైకి రోడ్డు మీద పోతే పదహారు వందలు. విమానం టోలుగేట్ల దగ్గర ఆగుతూ, ఊళ్లు చుట్టుకుంటూ పోదు కదా. ఈ ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఎయిర్‌పోర్టుకు తిన్నగా గీత గీస్తే పన్నెండు వందలే. ఆ సంగతి చెప్పమని మా రాణి చేత పేపరు ఆఫీసుకు ఫోన్ కూడా చేయించాను. అవతలి మనిషి అంతా విని, థాంక్యూ చెప్పి పెట్టేశాడట. పోనీలే. నా మొగుడి గుండె ఎంత దూరం పోయిందో నాకు తెలిస్తే చాలు.

నిమిషాలు మాత్రం సరిగ్గానే వేశారు. ఇక్కడి ఆసుపత్రి గేటు నుంచి అక్కడి ఆసుపత్రి గేటు దాకా నూట డెబ్బై నాలుగు.

నేను ఇక్కడ సూరత్‌లో చీరలకు లేసు కుడతాను. లింబాయత్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక గోడౌన్‌లో పని. పద్దెనిమిదేళ్లుగా చీరలు, మీటర్లు, కుట్లు లెక్కపెట్టీ పెట్టీ, ఏది కనబడితే అది లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. మెట్లెక్కితే మెట్లు, రైలెక్కితే స్టేషన్లు. దేవుడు నీకు తలకాయకు బదులు మీటరు పెట్టిండని మా ఆయన పరుశురాం ఏడిపించేవాడు. ఆయన ఊరి బయట పల్సానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా కరీంనగర్ వైపు సాంచా అంటాం. పన్నెండు సాంచాల మోతలో ఏ మూల ఒకటి ఆగినా, వెనక్కి తిరగకుండానే ఏది ఆగిందో చెప్పేవాడు. ఇంట్లో మాత్రం నేను మూడుసార్లు పిలిస్తే గానీ ఆయనకు వినబడేది కాదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున డ్యూటీ దిగి బండి మీద వస్తున్నాడు. ముందు పోతున్న టెంపోలోంచి బట్ట తాను ఒకటి జారి రోడ్డు మీద విచ్చుకుంది. దాని మీద బండి జారింది. ఇరవై ఏడేళ్లు బట్ట నేసిన మనిషిని చివరికి ఆ బట్టే పడేసింది. ఒంటి మీద మోచేతి దగ్గర గీరుకుపోయింది తప్ప ఇంకెక్కడా గాయం లేదు. దెబ్బంతా తల లోపలే.

మంగళవారానికి డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి, మెదడు పూర్తిగా చనిపోయిందన్నారు. గుండె మాత్రం కొట్టుకుంటోంది, మిషను ఊపిరి ఆడిస్తోంది, అది తీసేస్తే కాసేపట్లో అంతా ఆగిపోతుందన్నారు. హిందీలో చెప్పారు, నాకు అర్థమైంది. మా అత్త వెంకటవ్వకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఉద్దేశం కూడా ఆమెకు లేదు. లోపలికి పోయి కొడుకు ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి అలాగే ఉంచి మా మరిది లింగం వైపు చూసింది.

"కొట్టుకుంటాందిరా. ఒళ్లు వెచ్చగున్నది. సచ్చిపోయిండని ఎట్లంటరు?"

లింగం కూడా సాంచాలు నడిపేవాడే. తల్లికి తెలిసిన భాషలో చెబుదామనుకున్నాడు.

"అవ్వా, కరెంటున్నది. మోటరు తిరుగుతాంది. సాంచా కొట్టుకుంటాంది. కని బీముల నూలైపోయింది. ఇగ బట్ట రాదే."

బీమంటే సాంచా వెనక నూలు చుట్టి ఉండే రోలు. యాభై ఏళ్లు నేత ఇంట్లో బతికిన మనిషి, ఆ మాట ఆమెకు బాగానే తెలిసింది.

"అయిపోతే ఇంకో బీము ఎక్కియ్యరాదుర?"

లింగం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను బయటికి వచ్చేశాను.

హంసాబెన్ అప్పుడే వచ్చింది. అవయవదానం చేసేవాళ్లకు, ఆసుపత్రులకు మధ్య తిరిగే మనిషి. తెల్ల చీర, చేతిలో ఫైలు, గొంతు మెత్తన. ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుని గంటసేపు చెప్పింది. నేను ఒకటే అడిగాను, గుండె ఇస్తే ఆగకుండా ఉంటుందా అని. చాలామందికి ఏళ్లకేళ్లు నడుస్తుంది, కొందరికి నడవదు, అది చెప్పలేం అంది. నేను మొదటి ముక్కే విన్నాను. రెండోది నా చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. లోపలికి పోయి మా అత్తకు చెప్పాను. ఆమె కూడా ఒకటే అడిగింది, అక్కడ కొట్టుకుంటుందా అని. కొట్టుకుంటుందన్నాను.

"అయితే ఇయ్యి," అంది.

పేపరులో నన్ను దాత అని రాశారు. త్యాగమూర్తి అని కూడా రాశారట, రాణి చదివి చెప్పింది. నేనేమీ త్యాగం చేయలేదు. మిషను ఆపండి అని నా నోటితో చెప్పలేక ఇచ్చాను. ఇస్తే ఆగదు, ఇవ్వకపోతే ఆగుతుంది. నాకు తెలిసింది అంతే.

గుండె బయటికి తీశాక నాలుగు గంటల లోపు ఇంకో మనిషిలో పెట్టేయాలట. అందుకని ఆ మధ్యాహ్నం సూరత్‌లో పోలీసులు రోడ్లన్నీ ఖాళీ చేయించారు. ఉధనా దర్వాజా సిగ్నల్ దగ్గర మా ఆయన పదిహేనేళ్లు రోజూ అరగంట పొగ మింగుతూ నిలబడ్డాడు. బతికుండగా ఏనాడూ ఆయన కోసం ఒక సైకిలు కూడా పక్కకు జరగలేదు. ఆ రోజు ఎండలో బస్సులు, కార్లు, టెంపోలు అన్నీ ఆగి దారిచ్చాయి.

నేను కిందికి దిగలేదు. మా అత్త దిగింది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు గేటు దగ్గర నిలబడి చూసి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"గంత చిన్న డబ్బల పట్టిందా?" అంది.

మా రాణికి పన్నెండేళ్లు. పూర్తి పేరు విజయరాణి, ఆ పేరుతో పిలిస్తే పలకదు. ఫోన్‌లో ఏ విమానం ఎక్కడుందో కనబడే యాప్ ఒకటి దించుకుంది. ఆకాశం నిండా పసుపు పచ్చని చిన్న చిన్న విమానాలు, వాటిలో ఒకటి మాది. "మమ్మీ, బాపు టేకాఫ్ అయ్యిండు," అంది. వేలితో ఆ చుక్కను తాకుతూ కూర్చుంది.

విమానం మన ఊరి మీదుగా పోతుందా అని మా అత్త అడిగింది. మా ఊరు కోరుట్ల దగ్గర. నేను ఫోన్‌లో గీత చూశాను. షోలాపూర్ మీదుగా, కలబురగి మీదుగా కిందికి పోతోంది. మా ఊరు ఎక్కడో ఎడమ పక్కన, ఫోన్‌లో కనబడనంత దూరంగా ఉంది. ఆ మనిషి పుట్టిన ఊరి వంక కూడా చూడకుండా పోతున్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఆ అత్తా, మీదికెళ్లే పోతాంది," అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించి పైకి దండం పెట్టింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

మూడింటికి మాకు పరుశురాంను అప్పగించారు. శుభ్రంగా కుట్టి, తుడిచి, కొత్త దుప్పటి కప్పారు. మూడూ యాభైకి విమానం చెన్నైలో దిగింది. నాలుగూ నాలుగుకు ఆసుపత్రి గేటు దాటింది. నాలుగూ యాభై ఆరుకు కొట్టుకోవడం మొదలుపెట్టిందని హంసాబెన్ వచ్చి చెప్పింది. ఇక్కడ ఆగింది పన్నెండూ యాభై ఎనిమిదికి అని కూడా నేను అడిగి తెలుసుకున్నాను. అంటే రెండు వందల ముప్ఫై ఎనిమిది నిమిషాలు. పేపరువాళ్లకు గేటు నుంచి గేటు వరకే లెక్క. నా లెక్క వేరే. ఆ రెండు వందల ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఆయన మా దగ్గర లేడు, వాళ్ల దగ్గరా లేడు. ఆ సమయంలో నేనేం చేశానని తర్వాత చాలాసార్లు తలచుకున్నాను. కాగితాల మీద సంతకాలు పెట్టాను. ఒకసారి టీ తాగాను. టీలో చక్కెర ఎక్కువైందని కూడా అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

చీకటి పడకముందే తాపీ నది ఒడ్డుకు తీసుకుపోయారు. మాకు కొడుకు లేడు, లింగమే నిప్పు పెట్టాడు. అప్పుడు ఆరున్నర. అప్పటికి ఆయన గుండె అక్కడ కొట్టుకోవడం మొదలై గంటన్నర దాటింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాడు తృప్తిగా పోయాడని. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని. అన్నం, కోడికూర, పచ్చిపులుసు పెట్టాం. ఆయనకు ప్రాణమైన లోచో, శనగపిండితో చేసే ఇక్కడి టిఫిను, లింగం పొద్దున్నే బండి దగ్గర క్యూలో నిలబడి తెచ్చాడు. ఒక గ్లాసులో ఇంకోటి కూడా పోశాడు. గుజరాత్‌లో అది దొరకదు కాబట్టి అదేమిటో నేను చెప్పను.

కాకులు వచ్చాయి. లేక కాదు. గోడ మీద తొమ్మిది కూర్చున్నాయి, నేను లెక్కపెట్టాను. మెడలు వంచి చూశాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. లింగం చేతులు జోడించి అన్నా, రాణిని నేను చూసుకుంటా అన్నాడు. దిగలేదు. ఎవరో ఆయన సిగరెట్ పెట్టె తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. అయినా దిగలేదు. అందరూ నా వైపు చూశారు, ఏదో ఒకటి అను అన్నట్టు. ఆయన మనసులో ఏముందో నాకే తెలిస్తే ఆయనతో ఇరవై ఏళ్లు అన్ని కొట్లాటలు ఎందుకు పడతాను?

గంటన్నర అయ్యాక మా అత్త లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని విస్తరి ఎత్తింది.

"పిట్టెట్ల ముడుతది? నా కొడుకు సస్తే గదా," అని, తీసుకుపోయి ఆవుకు పెట్టేసింది.

ఏదో దుఃఖంలో అందని అందరూ ఊరుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పదో రోజు దాకా.

పదో రోజు తాపీ ఒడ్డునే, మా సందులో ఇలాంటివన్నీ చేయించే బాలవ్వ నన్ను తూర్పుకు మొహం పెట్టి కూర్చోబెట్టింది. తల మీద నీళ్లు పోశారు. బొట్టు నిండుగా పెట్టారు, తుడవడానికి. గాజులు నిండుగా వేశారు, తీయడానికి. బాలవ్వ నా ఎడమ చెయ్యి పట్టుకుంది. మా అత్త వచ్చి మా ఇద్దరి మధ్యలో కూర్చుంది.

"చెయ్యి తియ్యి బాలవ్వా."

బాలవ్వ మంచి మనిషే. మెల్లగా నచ్చజెప్పింది. పదొద్దులు అయిపోయాయని, చేసేది చేయకపోతే పోయినవాడికి తొవ్వ దొరకదని.

"ఎవడు పోయిండు? నా కొడుకు గుండె మద్రాసుల కొట్టుకుంటాంది. అది కొట్టుకున్నన్ని దినాలు నా కోడలు పుస్తె మీద ఎవ్వలు చెయ్యేసినా నేనూకోను."

మా అత్త ఇరవై తొమ్మిదేళ్లకే ఇలా తూర్పుకు మొహం పెట్టి కూర్చుంది. నలభై ఏళ్లుగా ఆమె చేతులకు గాజుల్లేవు. ఆ చేతులతోనే నా చెయ్యి పట్టుకుని లేపింది. నేను తడి చీరతో, నిండు గాజులతో, మొహం నిండా బొట్టుతో ఆటో ఎక్కాను. సిగ్గేసింది. ఇంతమందిలో ఈ పంతమేమిటని కోపం వచ్చింది. లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. ఆ మూడోది ఎవరికీ చెప్పలేదు.

అలా మొదలైంది మా ఇంట్లో ఆ ఎండాకాలం.

నాకు ఏ మర్యాద చేయాలో మా సందు వాళ్లకు తెలియలేదు. పెళ్లిళ్ల కాలం. పేరంటానికి పిలుద్దామా అంటే మొగుడు పోయాడు, మానేద్దామా అంటే మెడలో పుస్తె ఉంది. గోడౌన్‌లో కుంకుమ పంచితే నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి గాల్లో ఆగేది. నేనే తీసుకుని పెట్టుకునేదాన్ని. వెనక గుసగుసలు వినబడేవి. అననీ. నేను నా పని చేసుకున్నాను.

హంసాబెన్ నియమం ప్రకారం ఏమీ చెప్పకూడదు. పేరు, ఊరు, ఫోటో ఏదీ. మగమనిషి, ముప్ఫై ఒక్కేళ్లు, అంతవరకే చెప్పింది. నేను పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తే బాగున్నాడని చెప్పేది. ఒకసారి లేచి కూర్చున్నాడంది. ఇంకోసారి వార్డులో పది అడుగులు నడిచాడంది. నేను ఇంటికొచ్చి చెబితే మా అత్త తల ఊపింది. మా పరుశి చిన్నప్పుడూ అంతే, మెల్లగానే నడక నేర్చాడంది.

ఆమె మారిపోయింది. మొదట నేను గమనించలేదు. పప్పు చప్పగా ఉంటే, దుఃఖంలో ఉప్పు మరిచిపోయిందనుకున్నాను. వారం దాటినా అదే. కూరల్లో కారం లేదు, నూనె లేదు, పచ్చడి జాడీ అటక మీదికి పోయింది. మా ఇళ్లలో కారం లేని కూర అంటే జ్వరం కూడే. రాణి కంచం నెట్టేసింది.

"జర తిను బిడ్డా," అంది మా అత్త. "గుండె రోగానికి ఉప్పూ కారం మంచిది కాదట. ఆడ వాళ్లవ్వ పైలంగనే వండుతదో లేదో."

పన్నెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న పేరు తెలియని మనిషి కోసం మేం ముగ్గురం లింబాయత్‌లో పథ్యం తిన్నాం. నవ్వొచ్చేది. నవ్వితే ఏడుపొచ్చేది, అందుకని నవ్వేదాన్ని కాదు. రాణి కూడా రెండో వారానికి మాట్లాడకుండా తినడం మొదలుపెట్టింది. పొద్దున లేస్తూనే ఫోన్‌లో చెన్నైలో ఎంత ఎండో చూసి నానమ్మకు చెప్పేది. నలభై అని వచ్చిన రోజు మా అత్త పొద్దస్తమానం కుదురుగా కూర్చోలేదు. కిడ్నీలు, కాలేయం అహ్మదాబాద్‌కు పోయాయి, కళ్లు ఈ సూరత్‌లోనే ఉన్నాయి. వాటి గురించి ఆమె ఒక్క రోజూ అడగలేదు. ఆమెకు చేతికి తగిలి తెలిసింది ఆ గుండె ఒక్కటే.

మరి నేను? నేను తెలివైనదాన్నని, ఆమె వెర్రిదని చెబితే అబద్ధం. రోజూ మధ్యాహ్నం నాలుగూ యాభై ఆరుకు నా చేతిలో సూది ఆగేది. గడియారం చూడకుండానే తెలిసేది.

మే నెలాఖరులో మా అత్త మద్రాసు పోదామంది. పేరు చెప్పరు, మనిషిని చూపించరు, గేటు దగ్గరే ఆపేస్తారని నేను చెప్పాను. గేటు దగ్గరే కూర్చుంటానంది. ఆ గోడ లోపల కొట్టుకుంటోందని తెలిస్తే చాలంది. లింగం నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తెచ్చాడు, జూన్ రెండో వారం శుక్రవారానికి. రైలు వరంగల్ మీదుగా పోతుంది. విమానానికి రెండు గంటల పన్నెండు నిమిషాలు పట్టిన దారి మాకు ఒక పగలూ ఒక రాత్రీ దాటి పడుతుంది. అయినా మన దిక్కు మీదుగా పోతుంది కదా అని మా అత్త సంబరపడింది. నేను స్టేషన్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆ వారం సోమవారం రాణి బడి తెరిచారు. పొద్దున యూనిఫాం పొట్టిదైందని అది అలిగింది, అంత పొడుగు పెరిగితే నేనేం చేయనని నేను అరిచాను. అది ఏడుస్తూ పోయింది. నేను గోడౌన్‌కు పోయి కూర్చున్నాను. గులాబీ రంగు చీర, వెండి లేసు. సగం కుట్టేసరికి హంసాబెన్ ఫోన్ వచ్చింది.

తనంతట తాను ఎప్పుడూ చేయదు. ఫోన్ మోగుతుండగానే నాకు తెలిసిపోయింది.

ఆమె నెమ్మదిగా చెప్పింది. వారం నుంచి ఒంట్లో బాగాలేదట. ఆ ఒళ్లు ఈ గుండెను ఒప్పుకోలేదట. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారట. నీకు చెప్పకూడదు, కానీ మీరు శుక్రవారం బయలుదేరుతున్నారని చెప్పావు కదా, నా మనసు ఊరుకోలేదు అంది. నేను టైం అడిగాను. ఈ పొద్దున ఆరూ ఇరవైకి అంది.

సరే బెన్ అని ఫోన్ పెట్టేశాను. మిగతా సగం లేసు కుట్టాను. ముడి వేసి, దారం కొరికి, చీర మడతపెట్టి పక్కన పెట్టాను. ఆరూ ఇరవైకి నేను ఏం చేస్తున్నానో గుర్తు చేసుకున్నాను. యూనిఫాం కోసం పిల్లను తిడుతున్నాను. రెండుసార్లూ నేను పక్కన లేను. మొదటిసారి టీ తాగుతున్నాను, రెండోసారి అరుస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త స్టవ్ ముందు కూర్చుని సర్వపిండి కాలుస్తోంది. దారిలో తినడానికి కాదు. ఆ గేటు దగ్గర ఎవరైనా దయగలవాళ్లు దొరికితే ఆ పిల్లవాడి తల్లికి అందించడానికి. ఉప్పు తక్కువేసిన, అని నాకు చూపించింది. బాగుందన్నాను.

బాత్రూం తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. చేతులకు సబ్బు రాసుకుని గాజులు ఒక్కొక్కటే తీశాను. పగలగొట్టలేదు. పద్నాలుగు. వాటిని చెంబులో వేశాను. తర్వాత మెట్టెలు. కుడికాలిది వచ్చింది. ఎడమకాలిది రాలేదు, ఇరవై ఏళ్లలో వేలు లావెక్కింది. సబ్బు రాశాను, మెలితిప్పాను, తోలు లేచి రక్తం వచ్చింది. నాకు ఏడుపు రాలేదు గానీ ఆ మెట్టె మీద చచ్చేంత కోపం వచ్చింది.

స్టవ్ చప్పుడు ఆగింది. మా అత్త వచ్చి నిలబడింది. చెంబులో గాజులు చూసింది. నా కాలు చూసింది.

లోపలికి పోయి, పరుశురాం ఖార్ఖానా నుంచి తెచ్చిన నూలు కండె పట్టుకొచ్చింది. మా ఇంట్లో పూలు కట్టడానికీ, గుండీలు కుట్టడానికీ అదే దారం. నా ముందు కింద కూర్చుని నా పాదం తన ఒళ్లోకి తీసుకుంది. దారం కొస మెట్టె కింది నుంచి దూర్చి, వేలి చుట్టూ వరసగా, గట్టిగా చుట్టింది. నేత ఇళ్లలో అందరికీ తెలిసిన ఉపాయమే. నాకే తోచలేదు. చుట్టడం అయ్యాక కింది కొస పట్టుకుని విప్పుతూ వచ్చింది. ఒక్కో చుట్టు విడిపోతుంటే మెట్టె కొంచెం కొంచెం ముందుకు జరిగింది.

"ఎన్నిగొట్టంగ?" అంది, తల ఎత్తకుండా.

"పొద్దుగాల ఆరూ ఇరవైకి."

మెట్టె ఆమె అరచేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని పిడికిట్లో పెట్టుకుని, నా పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, దాని మీద తల ఆనించింది. ఏప్రిల్ నుంచి ఆమె ఏడవలేదు. అంత పెద్ద మనిషి నా కాళ్ల దగ్గర ఏడుస్తుంటే తల నిమిరాను. పుస్తెలతాడు నేనే తీసి ఆమె చేతికిచ్చాను. బాలవ్వను పిలవలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ వండాం. అన్నం, కోడికూర, పచ్చిపులుసు. లింగం లోచో తెచ్చాడు, టికెట్లు రద్దు చేయిస్తానని మెల్లగా నా ఒక్కదానికే చెప్పాడు. డాబా మీద విస్తరి పెట్టి మేం నలుగురం ఇంకా మెట్ల దాకా కూడా జరగలేదు. వెనక రెక్కల చప్పుడైంది. ఒకటే కాకి. విస్తరి అంచు మీద వాలి, ముద్ద నోట కరుచుకుని, ఎగిరిపోయింది.

"ఇగ పోయిండు," అంది మా అత్త.

రాణి నా నడుము పట్టుకుని మొహం దాచుకుంది. వాన ఇంకా రాలేదు, ఆకాశం మాత్రం బూడిద రంగులో ఉంది. మెట్లు దిగుతుంటే నాకు విమానం గురించి ఆడిన ఆ అబద్ధం గుర్తొచ్చింది. ఇక దాన్ని ఎందుకు మోయాలో తెలియలేదు.

"అత్తా, ఆ విమానం మన ఊరి మీదికెళ్లి పోలేదు," అన్నాను.

ఆమె గోడ పట్టుకుని ఒక మెట్టు మీద ఆగింది.

"నాకెరుకే బిడ్డా. లింగడు ఆనాడే చెప్పిండు. నువ్వు పోయిందన్నవ్ గదా, పోయిందనే అనుకున్న."

మిగతా మెట్లు దిగి వంటింట్లోకి పోయింది. అటక మీది జాడీ దించింది. పప్పు పొయ్యి మీద పెట్టి, ఎప్పటిలా పిడికెడు పచ్చిమిర్చి తుంచి వేసింది. నలభై ఎనిమిది రోజుల తర్వాత మా ఇంట్లో పప్పులో ఉప్పు సరిగ్గా పడింది. మేం నలుగురం కంచాల ముందు కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు.